పొద్దున్నే జారే సైకిలు

మా నాయన దూదేకేవాడు. పత్తి ఏకే విల్లును సైకిలు కడ్డీకి పొడవునా కట్టుకుని, కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెలు తిరిగి పరుపులూ బొంతలూ కుట్టి వచ్చేవాడు. నేను అప్పటికే మా ఊరి బడిలో అయ్యవారిని. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నాలుగు ముక్కలు చదువుకుని ఉద్యోగం చేస్తున్నవాడికి తెలియని సంగతంటూ ఉండదని నా నమ్మకం. ఇంట్లోవాళ్లు కూడా నన్నలాగే నమ్మారు, వాళ్ల ఖర్మ.

ఒక చలికాలం నాయన రెండుసార్లు సైకిలు మీది నుంచి పడ్డాడు. రెండుసార్లూ పొద్దు పొడవకముందే, ఊరి బయట మిట్ట ఎక్కుతూనే. రెండోసారి మోచెయ్యి గీరుకుపోయి ఇంటికి తిరిగొచ్చాడు.

"తొక్కితే కాలు సర్రున కిందికి జారిపోతాండాదప్పా. సైకిల్లో ఏమన్నా లోపముండాదేమో సూడు," అన్నాడు.

నేను చూసింది మధ్యాహ్నం, బడి నుంచి అన్నానికి వచ్చినప్పుడు. ఎండలో నిలబెట్టి ఉన్న సైకిలెక్కి అదే మిట్ట ఎక్కి దిగాను. ఎక్కడా జారలేదు. చైను బిగువుగా ఉంది, పళ్లు అరగలేదు. బజారులో సైకిలు షాపాయన కూడా పట్టపగలే తొక్కి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. నాకింక అనుమానమే లేకపోయింది.

"సైకిలు బాగుండాది నాయనా. నీ కాళ్లలోనే సత్తువ తగ్గింది. అరవై దగ్గర పడతాండావు, ఒప్పుకో," అన్నాను. అన్నం కలుపుకుంటూ అన్న మాట అది. ఆయన ముఖమైనా చూడలేదు.

నాయన తన మోకాళ్లను ఒకసారి తడిమి చూసుకుని లేచిపోయాడు. ఆ రోజు నుంచి సైకిలు ముట్టలేదు.

నెల తిరిగాక, పక్క పల్లెలో అయ్యవారికి జ్వరమొచ్చి ఆయన బదులు నేను పోవాల్సి వచ్చింది. పొద్దున్నే మంచులో నాయన సైకిలు తీసుకుని బయలుదేరాను. మిట్ట సగం ఎక్కానో లేదో పెడలు ఒక్కసారిగా గాలిలో తిరిగినట్టు తిరిగింది. గడ్డం హ్యాండిలుకు కొట్టుకుంది. నాకప్పుడు ముప్పై నిండలేదు. నా కాళ్లకేం రోగం?

దిగి, వెనక చక్రం పైకెత్తి చేత్తో పెడలు తిప్పాను. చైను తిరుగుతోంది, చక్రం మాత్రం కదలడంలేదు. వెనక్కి తిప్పితే వినబడాల్సిన టిక్కుటిక్కు శబ్దం కూడా లేదు. ఫ్రీవీలు లోపల నాలుకల్లాంటి రెండు చిన్న ఇనుపముక్కలుంటాయి. అవి పైకి లేచి పళ్లను పట్టుకుంటేనే తొక్కిన తొక్కుడు చక్రానికి అందుతుంది. అవి లేవడంలేదు.

ఆ పల్లెకు సైకిలు నెట్టుకుంటూ నడిచిపోయి, సాయంత్రం ఇంటికొచ్చి చక్రం ఊడదీశాను. ఫ్రీవీలు మూతకు ఎదురు మర ఉంటుందని, కుడివైపు తిప్పితేనే ఊడుతుందని ఈ సర్వజ్ఞుడికి తెలియదు. అరగంటసేపు సుత్తితో కొట్టి దాన్ని ఇంకా బిగించాను. చివరికి షాపాయనే వచ్చి నవ్వుకుంటూ విప్పిపెట్టాడు. జొన్నగింజలంత గుండ్లు పళ్లెంలోకి రాలాయి. లోపల పసుపుపచ్చని జిగురు దుమ్ముతో కలిసి గట్టిపడి, రెండు నాలుకల్నీ కదలనీయకుండా పట్టుకుని ఉంది. వాసన చూస్తే చెనిక్కాయ నూనె, అదే వేరుశనగ నూనె.

ఆ నూనె పోసింది నేనే. మా వైపు తలకూ, దీపానికీ, తలుపు బందులకూ అన్నిటికీ ఆ నూనే. గానుగాడించిన నూనె ఇంట్లో డబ్బా నిండా ఉండగా సైకిలుకు వేరే నూనె ఎందుకని రెండేళ్లపాటు ఆదివారం ఆదివారం నా చేత్తోనే పోశాను. చలికి అది బిగుసుకునేది, ఎండకు వదులయ్యేది. మేమేమో పగలు చూసి బాగుందన్నాం. కిరసనాయిలుతో అంతా కడిగి, తుడిచి, మిషను నూనె రెండు చుక్కలు వేశాం. చక్రం తిప్పితే టిక్కుటిక్కుమంది.

అమ్మ అంతసేపూ గడపలో నిలబడి చూస్తోంది. "ఇప్పుడు బాగు చేసి ఏం లాభం? మీ నాయన ఊర్లు ఇచ్చేసినాడు," అంది.

దూదేకేవాళ్లలో ఎవరి పల్లెలు వాళ్లకుండేవి. ఒకరి పల్లెలో ఇంకొకరు విల్లు దించరు. నాయన తన పల్లెలన్నీ మా వాళ్లలోనే ఒక వయసు కుర్రవాడికి పదిహేను రోజుల కిందటే మసీదు దగ్గర నలుగురి ముందర చెప్పి ఇచ్చేశాడట. అలా ఇచ్చిన పల్లెల్ని తిరిగి అడగడమనేది లేదు. తన కాళ్లు పోయాయని నలుగురితో చెప్పేముందు ఆయన నన్ను ఇంకోసారి అడగనైనా లేదు. నా మాట మీద అంత నమ్మకం. నాకు చచ్చేంత సిగ్గేసింది.

రాత్రి నాయనకు ఉన్నదంతా చెప్పాను, నూనె సంగతితో సహా. ఊఁ కొట్టి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సైకిలు తీశాడు. నేను వెనకే నడిచాను. మిట్ట మీదికి దిగకుండా ఎక్కి, అవతలికి పోయి, మళ్లీ వచ్చి నా ముందర ఆగాడు. ఆయాసం కూడా లేదు. మాటలో కోపం లేదు, ఎగతాళీ లేదు. నిజంగానే అడిగాడు.

"కాళ్లు బాగుండాయి. సైకిలూ బాగుండాది. యాడికి పోవల్లో చెప్పప్పా."