ఎస్తేరమ్మ గారి బోర్డింగ్ పాస్

మొన్న విశాఖ విమానాశ్రయంలో కౌంటరు వెనకున్న చిన్న మిషను కర్రుమంటూ నా బోర్డింగ్ పాస్‌ని బయటికి తోసింది. అందుకుంటే వేళ్ళకి వెచ్చగా తగిలింది. ఇప్పుడందరూ ఫోన్లోనే చూపించేస్తున్నారు గానీ నేను మాత్రం కాగితమే అడుగుతాను. ఆ వెచ్చదనం తగిలితే చాలు, అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద ఎస్తేరమ్మ గారి ట్రావెల్స్ ఆఫీసు కళ్ళ ముందుకొస్తుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నారావిడ. మనిషి పొట్టి. గొంతు మాత్రం చర్చిలో మైకు లేకుండానే చివరి వరుస దాకా వినిపించేది.

మా ఆఫీసులో ఒక వింత ఆచారం ఉండేది. మొదటిసారి విమానమెక్కేవాళ్ళు టికెట్టు పట్టుకుని ఊరికే వెళ్ళిపోవడానికి వీల్లేదు. విమానాశ్రయంలో ఏం చెయ్యాలో ముందు మా దగ్గర ఓసారి చేసి చూపించాలి. గుమ్మం దగ్గర ఆవిడే గార్డుగా నిలబడేవారు. నా బల్ల కౌంటరు. పాత శుభలేఖ ముక్క బోర్డింగ్ పాస్. "ఇదేం నాటకమండీ!" అని ఓసారి నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. అంతకు ముందు రావికమతం నుంచి ఒక రైతు వచ్చాట్ట. హైదరాబాదులో తమ్ముడికి ప్రాణం మీదికి వస్తే టికెట్టు కొనుక్కున్నాడు. రైలుకైతే టికెట్టుంటే చాలు కదా, విమానానికీ అంతే అనుకుని హాల్లో కూర్చుండిపోయాడు. కౌంటరు దగ్గర పాసు తీసుకోవాలని ఎవరూ చెప్పలేదు. విమానం వెళ్ళిపోయింది. ఆయన చేరేసరికి తమ్ముడు లేడు.

"తిరిగొచ్చి నన్ను తిట్టలేదే విమలా. 'టికెట్టిచ్చేరు గదమ్మా, ఆ పాసు సంగతి కూడా ఓ ముక్క సెప్పుంటే బాగుండును' అన్నాడంతే. తిట్టినా బాగుణ్ణు," అన్నారావిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఓ ఎండాకాలం పొద్దున్న నూకాలు వచ్చింది. మా వీధిలో చేపలమ్మేది. చెన్నైలో బోటు మీద పనిచేసే ఆమె భర్తకి కాలు నలిగిపోయింది. ఆపరేషను వెంటనే చెయ్యాలి. నూకాలు వస్తేగాని ఒప్పుకోనని అతను మొండికేశాడు. రైలైతే అందదని బోటు యజమాని ఆ మధ్యాహ్నం విమానానికి టికెట్టు తీయించాడు. గుమ్మం దగ్గర గార్డుని దాటింది గానీ, నా బల్ల ముందుకొచ్చేసరికి నూకాలుకి నోరు పెగల్లేదు. కేకేస్తే వీధంతా లేచే మనిషి!

"నాను సదూకోలేదమ్మా. ఆల్లు ఇంగిలీసులో అడిగితే ఏటి సెప్పను? నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నీ మొగుడక్కడ నీ కోసం చూస్తన్నాడు. మా గుమ్మం ముందు 'సేపలో' అని ఎలా అరుస్తావు? అలాగే అడుగు," అన్నారు ఎస్తేరమ్మ గారు.

నూకాలు కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్క కేక పెట్టింది. "ఓలమ్మా, మద్రాసు పాసు ఎక్కడిత్తారో!" పక్క కిరాణా కొట్టాయన కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. అంత దిగులులోనూ నూకాలు ఫక్కున నవ్వింది. ఎస్తేరమ్మ గారు ఆమె తల మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. నూకాలమ్మ తల్లికి మొక్కుకునే మనిషి ఏసు ప్రార్థనకీ బుద్ధిగా తలవంచింది. నేనే ఆటోలో విమానాశ్రయం దాకా దింపాను. సాగనంపేవాళ్ళని లోపలికి పోనివ్వరు కదా, గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

ఆ సాయంత్రం ఆవిడ ఫోను పక్కనుంచి కదల్లేదు. టీ చల్లారిపోయింది. "ఎక్కి ఉంటుందంటావా?" అని నన్ను అడిగిందే అడిగారు. దీపాలు పెట్టే వేళకి ఫోను మోగింది. ఆ గొంతు నాకూ వినిపించింది.

"అమ్మగోరూ, నానే! అరిసేనమ్మా. అందరూ ఎనక్కి తిరిగి సూసేరు. ఓ బాబొచ్చి పాసిప్పించేడు. మా మావని సూసేను. ఆపరేసనుకి ఒప్పీసుకున్నాడు!"

ఫోను పెట్టేసి ఆవిడ కళ్ళజోడు తీసేశారు. "ఆయనకి కూడా చెప్పుంటే..." అంటూ చిన్నపిల్లలా ఏడ్చేశారు. ఆ రైతుని ఆవిడ ఒక్కరోజూ మరిచిపోలేదని నాకప్పుడు తెలిసింది.

ఎస్తేరమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. మొన్న నా పాసు తీసుకుని వెనక్కి తిరిగితే, టికెట్టు కాగితాన్ని మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని ఒక పెద్దాయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. దగ్గరికెళ్ళి, "పాసు తీసుకున్నారా బాబూ?" అనడిగాను.

"టికెట్టుందమ్మా. పిలుత్తారు గదా?"

 ఆయన సంచీ అందుకుని కౌంటరు వైపు నడుస్తూ, గొంతెత్తి కేకేశాను. "కాస్త దారివ్వండి బాబూ, ఈయన ఇంకా పాసు తీసుకోలేదు!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ.