చప్పుడు మారితే బయటికి

నా గుండెలో ఒక చిన్న తలుపు ఉంది. పుట్టుకతో వచ్చింది పాడైతే, దాన్ని తీసేసి మనుషులు తయారుచేసింది పెట్టారు. అది మూసుకున్న ప్రతిసారీ టిక్కుమంటుందట. నాకు వినిపించదు. శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు బొగ్గు పేల్చే తూటాల చప్పుడు విన్న చెవులు నావి. ఇంత చిన్న చప్పుడు వాటికి ఆనదు. నా భార్యకు వినిపిస్తుంది. నేను బతికి ఉండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అందుకే.

జబ్బు చిన్నప్పటిది. కరీంనగర్ దగ్గర మా ఊళ్లో పదేళ్ల వయసులో మోకాళ్లు వాచి జ్వరం వచ్చింది. ఎదిగే నొప్పులన్నారు, ఆకు పసరు కట్టారు. వాపు పోయింది, నేను మళ్లీ గొర్ల వెంట పోయాను. లోపల అది గుండె కవాటాన్ని కొరికి పోయిందని నలభై ఐదేళ్ల తర్వాత తెలిసింది. ఆ తెలియడం కూడా సులభంగా కాలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నానని ఒక డాక్టరు దగ్గరికి పోతే, బాయి మనిషివి, బొగ్గు దుమ్ము అని రెండేళ్లు దగ్గు మందు పోశాడు. ఆ రెండేళ్లలో ఒక్కసారైనా నా ఛాతీ మీద గొట్టం పెట్టి వినలేదు. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ మంటే. చేతిలో గొట్టం ఉండి వినని మనిషిని నేను క్షమించలేను. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఆపరేషన్ హైదరాబాద్‌లో అయింది. నాకప్పుడు యాభై ఆరేళ్లు. ముందురోజు ఒక కాగితాల కట్ట తెచ్చి, "తాతా, ఇక్కడ వేలిముద్ర వెయ్" అన్నారు. అంతా ఇంగ్లీషు. నేను బడికి పోలేదు, నిజమే. మిర్చి బజ్జీలు చుట్టి ఇచ్చిన పేపరు ముక్కల మీద, బాయి ముందటి బోర్డుల మీద నాకు నేనుగా అక్షరాలు దిద్దుకున్న మనిషిని.

"వేలిముద్ర ఎందుకు, సంతకమే పెడ్త" అన్నాను. "గాని ఈ కాయితాలల్ల ఏమున్నదో తెలుగుల చదివి చెప్పుండ్రి. కోసేది నా గుండెను గదా."

మా బిడ్డ సిగ్గుపడి నా చెయ్యి నొక్కింది. "బాపూ, అందరు పెడ్తరు, పెట్టరాదు."

"అందరు పెడ్తరనే గదా చదువుతలేరు."

చివరికి ఎవరో గుమస్తాను పిలిచి అరగంట సేపు చదివించారు. చచ్చిపోవచ్చు అనే మాట నాలుగు చోట్ల ఉంది. అంతా విని సంతకం పెట్టాను.

ఇంటికొచ్చాక మూడు నెలలు నేను మనిషిని కాను, మూటను. ఛాతీ ఎముకను నిలువునా కోసి తీగలతో కట్టారు గనుక బిందె ఎత్తకూడదు, చేతులు పైకి లేపకూడదు, ఒక పక్కకు తిరిగి పడుకోకూడదు. దగ్గు వస్తే తల కింది మెత్తను ఛాతీకి అదుముకుని దగ్గమన్నారు. మెత్త జారిపోతోందని నా భార్య తన పాత చీరలు రెండు చింపి, నా ఛాతీ కొలతకు ఒక చిన్న బొంత కుట్టింది. ఆమెది ఆదిలాబాద్ దిక్కు ఊరు. అక్కడ బొంత కుట్టడం రాని ఆడమనిషి ఉండదు. ఆ బొంతలో మా పెళ్లయిన కొత్తలో ఆమె కట్టుకున్న ఆకుపచ్చ చీర ముక్క ఒకటి ఉంది. దగ్గు రాకపోయినా దాన్ని పట్టుకుని కూర్చునేవాణ్ని.

నాతో పని చేసిన జతగాడు ఒకడు చూడ్డానికి వచ్చాడు. వాడు కుర్చీలో కూర్చుంటూనే అన్నాడు, "అన్నా, నీ లోపట గడియారం పెట్టిండ్రట గదా. టైమెంతయింది?"

నవ్వు ఆగలేదు. నవ్వితే ఎముకలు విడిపోయినంత నొప్పి. నా భార్య పరుగున వచ్చి బొంతను నా ఛాతీకి అదిమి పట్టింది.

"నవ్వియ్యకు తమ్మీ, కుట్లూడుతయ్."

"నేనేడ నవ్విచ్చిన వదినా, టైమడిగిన."

స్నానం ఆమే చేయించేది. డ్యూటీ దిగి వచ్చినప్పుడల్లా నా వీపు మీది బొగ్గు మసి తోమిన చెయ్యే అది. గాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చెయ్యి నీళ్లను కూడా నెమ్మదిగా జార్చేది.

అట్లా ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఆమె లేచి గోడ గడియారం చూసింది, నల్లా చూసింది, బల్లి కోసం వెతికింది. "ఏందో కొట్టుకుంటున్నది" అంటూ నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వంగి నా ఛాతీ దగ్గర చెవి పెట్టింది. మొహం తెల్లబోయింది.

"నీదే" అంది మెల్లగా.

ఆమె భయం తీర్చడానికి నా పని గురించి చెప్పాను. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ చెప్పలేదు. బాయిలో నా పని పైకప్పు కింద కట్టెలు నిలబెట్టడం. కట్టె పెట్టే ముందు కప్పును గడ్డపారతో కొట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొరలు విడిన కప్పు డొల్లగా పలుకుతుంది. చెవులు మందగించాక, ఒక చేత్తో కొడుతూ ఇంకో అరచెయ్యి కప్పుకు ఆనించి, ఆ అదురును బట్టి తెలుసుకునేవాణ్ని. అంతా బాగుంటే వెనక చీకట్లో నిలబడ్డ వాళ్లకు "రావచ్చు" అని కేకేసేవాణ్ని. ఆ మాట అనే వరకూ ఒక్కరూ అడుగు ముందుకు వేసేవాళ్లు కాదు.

మా గుంపులో ఒక కట్టుబాటు పెట్టాను. చప్పుడు మారిందని ఎవరన్నా సరే, నిన్న పనిలో చేరినవాడైనా సరే, ముందు అందరం బయటికి రావాలి. వాడు తప్పు విన్నాడా, నేను తప్పు విన్నానా అన్నది బయటికి వచ్చాక కొట్లాడుకోవాలి. ఆ కట్టుబాటు వల్ల ఎన్నోసార్లు ఉత్తపుణ్యానికి బయటికి వచ్చి తిట్లు తిన్నాం. రెండుసార్లు మాత్రం ఉత్తపుణ్యానికి కాదు.

ఆమె అన్నీ విన్నది. నా ఛాతీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంది.

నా తప్పు రెండో ఏట జరిగింది. లోపలి తలుపు మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. దాంతో రక్తం పల్చబడుతుంది. గడ్డం గీసుకుంటే పడ్డ చిన్న గాటు ఒక తువ్వాలను తడిపేది. చెయ్యి గోడకు తగిలితే అరచేతంత నల్లమచ్చ. నెల నెలా కరీంనగర్ పోయి రక్తం చూపించుకోవాలి, ఆకుకూర ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ తినకూడదు. ఇవన్నీ భరించాను. ఎనిమిది నెలలు వరసగా రక్తం లెక్క బాగుందన్నారు. చప్పుడు ఎట్లుంది అని అడిగితే గట్టిగ ఉందని నా భార్య చెప్పేది.

అప్పుడు నా బాయి బుద్ధి మేల్కొంది. కప్పు గట్టిగా ఉన్న చోట కట్టె దండుగ. దాన్ని తీసి ఇంకోచోట వాడతాం. మరి అన్నీ బాగుంటే ఈ మాత్ర ఎందుకు? ఎవరినీ అడగలేదు. అడిగితే మా బిడ్డతో మాట్లాడతారు గాని నాతో మాట్లాడరని కోపం. నా భార్య మాత్ర ఇచ్చి నీళ్ల కోసం వెనక్కి తిరిగినప్పుడు గోటితో విరిచి సగం నోట్లో వేసుకునేవాణ్ని. మిగతా సగం బనీను జేబులోంచి, మూలకు పడి ఉన్న నా పాత బాయి బూట్లలోకి పోయేది. ఇట్లా నెల పైన నడిచింది. ఆ నెల రక్త పరీక్షకు కూడా ఏదో సాకు చెప్పి పోలేదు. మచ్చలు తగ్గాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక పొద్దున ఆమె నా పక్కన కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆగింది.

"ఏమయ్యా, సప్పుడు మారింది."

"ఫ్యాను సప్పుడు."

లేచి ఫ్యాను ఆపింది. వంగి విన్నది. "టిక్కుమంటలేదు. మెత్తగ పడుతున్నది, తలుపుకు గుడ్డ అడ్డమున్నట్టు. మొన్నటి సంది అనుమానంగనే ఉన్నది. నాలుగడుగులేస్తె నీకు దమ్ము కూడ వస్తున్నది, నేను సూస్తలేనా?"

"నువ్వేమన్న డాక్టరువా? నాకేం కాలే. జర పని చూసుకో."

ఆమె చిక్కుడుకాయల చాట పక్కకు పెట్టింది. "ముందుగాల బయటికి, తర్వాత కొట్లాట. ఎవల మాట అది?"

నేను లేచాను. అంగీ తొడుక్కున్నాను.

బస్సు కోసం ఆగలేదు, పక్క క్వార్టరు వాళ్ల కారు అడిగింది. కరీంనగర్ చేరేవరకూ ఆమె అరచెయ్యి నా ఛాతీ మీదే ఉంది. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటూ పెదవులు కదులుతున్నాయి. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏ మాట చెప్పాలో తెలిసి కూడా చెప్పలేకపోయాను.

అక్కడి డాక్టరమ్మ కొత్తగా వచ్చినామె. కళ్లు మూసుకుని నా ఛాతీని నాలుగు చోట్ల విన్నది. అంతసేపు విన్న డాక్టరును నేను అంతకుముందు చూడలేదు. తర్వాత నన్నే అడిగింది, పక్కనున్నవాళ్లను కాదు. "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

నేను నోరు తెరిచేలోపు నా భార్య అంది. "ఒక్క పూట తప్పలే మేడం. నా చేతులతోనే ఇస్త."

ఆ మాటలో ఎంత గర్వముందో! గుండె కోసిననాడు కూడా నాకంత కష్టం కాలేదు.

"సగమే ఏసుకుంటున్న" అన్నాను. "నెల దాటింది. ఈమెకు ఎరుక లేదు."

నా భార్య నా వైపు చూసింది. కొంగు సరిచేసుకుని గోడ వైపు తిరిగి నిలబడింది.

నా కట్టెల లెక్క కూడా చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. "పెద్దాయనా, ఆ తలుపు మీ రక్తానికి ఎప్పటికీ పరాయిదే. అన్నీ బాగుండటం మాత్ర వల్లనే. కప్పు నిలబడ్డదే కట్టె మీద. మీరు ఆ కట్టెనే లాగారు" అంది. నా భాషలో నాకు చెప్పిన మొదటి డాక్టరు ఆమె. తలుపు అంచున గడ్డ మొదలైందనీ, ఇంకొన్ని రోజులైతే పూర్తిగా బిగుసుకునేదనీ చెప్పింది. చప్పుడు మారిందని పట్టుకున్నది ఎవరో తెలుసుకుని, తన గొట్టం నా భార్య చెవులకు పెట్టింది.

ఆమె కాసేపు విని తీసి ఇచ్చేసింది. "ఇది లేకున్న ఇనపడుతది మేడం."

వారం రోజులు అక్కడే ఉంచి సూది మందు ఎక్కించారు. ఆ వారం ఆమె నాకు తినిపించింది, తల దువ్వింది, కాళ్లు పిసికింది. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఐదో నాడు ఛాతీ మీద అరచెయ్యి పెట్టి, "జర ఖంగుమంటున్నది" అంది. అంతే.

ఇంటికి వచ్చాక నేనే బూట్లు తెచ్చి ఆమె ముందు బోర్లించాను. సగం ముక్కలు నేల మీద పడ్డాయి. ఆమె వాటిని చీపురుతో ఊడ్చి పారేసింది. చాట తీసుకుని కూర్చున్నాక అడిగింది.

"నాకు చెప్తే ఒద్దంటననే గదా?"

"ఔ."

"అందుకే చెప్పాలె."

అది జరిగి పదేళ్లు దాటింది. మాత్ర నిండుగా వేసుకుంటున్నాను. ఆమె నీళ్లు ముందే తెచ్చి పెట్టుకుని, నేను మింగేదాకా కదలదు. నోరు తెరిచి చూపమంటుంది కూడా. నేను గొణుగుతాను, తెరుస్తాను. పొద్దున్నే ఫ్యాను ఆపి, నా ఛాతీ మీద అరచెయ్యి ఆనిస్తుంది. నేను మంచం దిగకుండా ఆమె మొహం చూస్తూ పడుకుంటాను. ఒక్కోసారి కావాలని ఆలస్యం చేస్తుంది. నాకు చాయ్ ఆలస్యమవుతోందని కోపం వస్తుంది, అయినా కదలను.

"ఊఁ, రావొచ్చు" అంటుంది.

అప్పుడు లేస్తాను.