ఒంటి తలుపు కారు

ఆ రోజుల్లో రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకి ఏమవుతుందో మాకు బాగా తెలుసు గానీ, చలికాలం వస్తే కారుకి ఏమవుతుందో తెలియదు. కాన్‌బెరాలో కాంట్రాక్టు ఉద్యోగం, నాలుగు చేతులు మారిన రెండు తలుపుల చిన్న కారు, పెళ్లయిన పదోరోజునే కాకినాడలో వదిలేసి వచ్చిన భార్య. (ఆ పదిరోజుల్లో సగం చుట్టాలే తినేశారు లెండి.) ఆవిడ మొదటిసారి విమానమెక్కి, ఆస్ట్రేలియాకి చలికాలమైన జూలైలో, మాకు మూడు గంటల దూరంలోని సిడ్నీలో దిగుతోంది. ఫోన్ కార్డు అయిపోయే ముందు ఒక్కటే అడిగింది. "అక్కడ నాకెవరూ తెలీదు. బయటికి రాగానే మీరు కనబడతారుగా?" "కనబడకపోతే నన్నడుగు!" అన్నాను పౌరుషంగా. కనబడనివాణ్ణి ఎలా అడుగుతుందో ఆలోచించలేదు.

నా రూమ్మేటు గుంటూరాయన. అందరం బావ అనేవాళ్లం. ఏడాది ముందొచ్చిన సీనియారిటీతో నా కారుకి చలికాలం ఏర్పాట్లన్నీ దగ్గరుండి చేయించాడు. రేడియేటర్లో నీళ్లు గడ్డకట్టకుండా మందు, కొత్త బ్యాటరీ, వైపర్లు, టైర్లలో గాలి. "వంతెనల మీద మంచు కనబడదురోయ్, సడన్ బ్రేకు కొట్టకు" అని బోధ కూడా. అంతా బాగానే ఉంది. తీరా ఆవిడ దిగే ముందురోజు సాయంత్రం కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "కొత్త పెళ్లికూతుర్ని ఈ మట్టి కారులో ఎక్కిస్తావట్రా?" అన్నాడు. ప్రయాణానికి ముందు బండి కడగడం మన రక్తంలోనే ఉంది కదా! ఇద్దరం బకెట్లతో నీళ్లు కుమ్మరించి, తలుపుల సందులు కూడా రుద్ది కడిగి, బానెట్ మీద పసుపు కుంకుమ బొట్లు పెట్టి హాయిగా పడుకున్నాం.

తెల్లారి చూస్తే కారు బొట్లతో సహా ఐసుఫ్రూటు! తలుపులు రావు. బావ కెటిల్లో నీళ్లు మరగబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అద్దం పగుల్తుంది, ఆగు బాబూ!" అని అరిచి, డ్రైవరు తలుపు పిడి పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాను. పిడి వచ్చింది, తలుపు రాలేదు. "పోన్లే, సగం వచ్చిందిగా" అన్నాడు బావ. చంపేద్దామనిపించింది. ఆ పిల్ల అక్కడ దిగి దిక్కులు చూస్తుందని తలుచుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ఎండ తగిలాక ఎడమ తలుపు ఒక్కటి కరుణించింది. గేరు మీదుగా పాకి నా సీట్లో పడ్డాను. తొందరగా పోదామంటే దారంతా పొగమంచు. బావ బోధ గుర్తొచ్చి, పళ్లబిగువున నెమ్మదిగానే నడిపాను.

వెళ్లేసరికి ఎయిర్‌పోర్టులో జనం పలచబడ్డారు. ఆవిడ సూట్‌కేసు మీద కూర్చుని ఉంది, కళ్లు ఎర్రగా. నన్ను చూసి లేచి, "ఎవర్నడగమన్నారు?" అంది. గబగబా సూట్‌కేసు అందుకున్నాను. కారు దగ్గర ఎడమ తలుపు తీస్తే, తనకోసమే అనుకుని ఎక్కబోయింది. "ఆగాగు, ముందు నేను" అని కొత్త సూటుతో పాకాను. మోకాలు తగిలి హారన్ బయ్యిమంది, ఒక బూటు ఊడి కింద పడింది. వెనకనుంచి నవ్వు వినబడింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయిన నవ్వు. ఆవిడ గట్టిగా నవ్వగా వినడం నాకదే మొదలు. నవ్వుతూనే బూటు తీసి అందించింది.

ఆ తలుపు బాగుచేయిస్తానంటే, "ఉండనీండి, ఏం తొందర?" అనేది. ఆ చలికాలమంతా ఎక్కడికెళ్లినా నేను పాకడం, ఆవిడ చెప్పులందించడం.

ఇప్పుడు ఇద్దరికీ చెరో కారు. ఆవిడ నాకంటే ముందే లేచి ఆఫీసుకి వెళ్లిపోతుంది. ఈ ఉదయం ఇంటిముందు గడ్డి అంతా మంచుతో తెల్లబడి ఉంది. రిమోటు నొక్కితే నాలుగు తలుపులూ ఒక్కసారే టక్కుమన్నాయి. ఎందుకో ఎడమవైపు వెళ్లి పాకడం మొదలుపెట్టాను. సగంలో మోకాలు పట్టేసింది. హారన్ మోగింది, చెప్పు జారి బయట పడింది. "ఓరి పిచ్చివాడా!" అని నన్ను నేనే తిట్టుకుని నవ్వుకుంటూ, అలవాటుగా చెయ్యి వెనక్కి చాపాను. కాసేపు అలాగే ఉంచి, దిగి నేనే తెచ్చుకున్నాను.