అడిగే పెట్టె

గురువులు దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. కొత్త తాళం కొంటే, తాళంచెవి లేకుండా ఊడి వస్తుందేమోనని ముందు గట్టిగా లాగి చూస్తాడు. కలకత్తా కార్పొరేషన్ మురుగు గ్యాంగులో ముప్పై ఏళ్లు మ్యాన్‌హోళ్లలోకి దిగి, ప్రాణాలతో పింఛను పుచ్చుకుంటున్న మనిషికి ఆ మాత్రం అనుమానం ఉండొద్దూ! అలాంటివాడి ముందు సేల్స్‌మన్ అభిజిత్, ఒంటరివాళ్లు పడిపోతే కబురందించే పరికరాలు మూడు పరిచి, వారం రోజులు వాడి చూసి ఏది కావాలో చెప్పమన్నాడు. ఎవరితో చెబుతున్నాడో అతనికి తెలియదు, పాపం.

ఇదంతా మేనకోడలు పుష్పరాణి పెట్టిన గొడవ. భార్య పోయాక గురువులు ఖిదిర్‌పూర్ బస్తీలో ఒంటిగదిలో ఉంటున్నాడు. వయసు అరవై తొమ్మిది. జూన్‌లో ఒక ఆదివారం గదిలోనే ఓ మూల స్నానం చేస్తూ జారిపడ్డాడు. తుంటి పట్టేసి మూడు గంటలు లేవలేకపోయాడు. సాల్ట్ లేక్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసే పుష్పరాణి ఎప్పటిలాగే చూడ్డానికి వచ్చి, గడియ వేసి లేదు కాబట్టి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, మీద తువ్వాలు కప్పి లేవదీసింది.

"అరిచినాను, ఎవులికీ ఇనపడనేదు" అని ఆయన అందరికీ చెప్పాడు. శుద్ధ అబద్ధం. ఒంటి మీద నూలుపోగు లేదు. తువ్వాలు చెయ్యి అందనంత ఎత్తున కొక్కేనికి వేలాడుతోంది. పక్క గదిలో ముసలమ్మ అని ఒకావిడ ఉంటుంది, మధ్య ఒక్కటే గోడ. నలభై ఏళ్లుగా అక్క వరసతో అప్పా అని పిలుస్తున్న మనిషే. ఆ పూట మాత్రం నోరు పెగల్లేదు.

"ఆదివారానికి ఒకటి తేల్చు మావా. లేదంటే సామాను సర్దీసి నిన్ను మా ఇంటికి ఎత్తుకుపోతాను" అని పుష్పరాణి తెగేసి చెప్పింది. ఆమె అన్నంత పనీ చేస్తుంది. ఈ గదీ, కొళాయి దగ్గర రోజూ పడే పోట్లాటా, రేవులోంచి వచ్చే ఓడల కూతా వదులుకోవాలంటే గురువులుకి గుండెల్లో రాయి పడింది.

ముందు మెడలో వేసుకునే మీట. పడగానే నొక్కాలట. బకెట్టు నీళ్లలో ముంచి తీశాడు, పనిచేసింది. సబ్బు చేత్తో నొక్కాడు, అప్పుడూ పనిచేసింది. స్పృహ తప్పినవాడు ఎలా నొక్కుతాడన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

తర్వాత చేతి గడియారం. మనిషి పడితే దానంతట అదే కనిపెడుతుందట. పరుపు కింద వేసి దభీమని పడ్డాడు. గడియారం లబోదిబోమంది. ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడి ఇంకో రెండుసార్లు పడ్డాడు. అప్పుడొక అనుమానం వచ్చి, గోడకి వీపు ఆనించి మెల్లగా జారి, చతికిలబడి, పక్కకి ఒరిగాడు. గడియారం కిక్కురుమనలేదు.

"గేసు తగిలినోడు దభీమని పడడు దాదా, కూకున్నట్టే కూలిపోతాడు. నాను సూసినాను" అన్నాడు ఫోనులో. ఆ ముక్కని మళ్లీ బెంగాలీలో చెబితే అభిజిత్ ఆ గడియారాన్ని పొగడ్డం మానేశాడు.

మిగిలింది గోడకి తగిలించే పెట్టె. రోజూ ఉదయం ఆరింటికి మోగి, బాగున్నారా అని బెంగాలీలో అడుగుతుంది. పది నిమిషాల్లో పచ్చ మీట నొక్కకపోతే, రాసిచ్చిన ముగ్గురికీ వరసగా ఫోను చేస్తుంది. గురువులు కళ్లు మెరిశాయి. గ్యాంగులో పద్ధతీ ఇదే. కిందికి దిగినవాడు పిలుస్తాడని పైవాడు ఎదురుచూడడు. తనే తాడు గుంజి అడుగుతాడు, కిందనుంచి జవాబు గుంజు రాకపోతే పైకి లాగేస్తాడు. పిలవక్కర్లేకుండా బతికించే యంత్రం! ఎందుకంత నచ్చిందో ఆయన పుష్పరాణికి చెప్పలేదు.

కానీ తాడుని కూడా దిగేముందు పరీక్షించాలిగా. గురువారం పొద్దున్న లోపల గడియ వేసుకుని, పెట్టె మోగుతున్నా మీట నొక్కకుండా మంచమ్మీద కూర్చున్నాడు. మొదటి పేరు పుష్పరాణి. డ్యూటీలో ఉంది, ఫోను ఎత్తలేదు. రెండోది ఆమె మొగుడు అశోక్‌కుమార్. ఆటో హోరులో అతనికి వినపడలేదు. మూడో గడి ఖాళీగా ఉంచకూడదన్నారని, ఆవిడకు మాటమాత్రమైనా చెప్పకుండా గురువులు ముసలమ్మ నంబరు రాయించాడు.

ఆరూ పదహారుకి తలుపు దబదబమంది. గురువులు ముసిముసిగా నవ్వుకుంటూ టైము రాసుకున్నాడు. ఇంకా ఎంతసేపు కొడుతుందో చూద్దామని కూర్చున్నాడు కూడా. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. తలుపు తీస్తే, గడియ పగలగొట్టడానికి తెచ్చిన పొత్రం ఒళ్లో పెట్టుకుని, గుమ్మంలో కూలబడి ముసలమ్మ ఏడుస్తోంది. డెబ్బై మూడేళ్ల మనిషి, మోకాళ్లు వంగవు.

"సచ్చిపోనావనుకున్నాను కదరా!" అంది. పరీక్ష అని ఆయన నసిగేసరికి పొత్రం ఎత్తుకుని వెళ్లిపోయింది. గురువులుకి తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు ఆవిడ ఆయన మొహం చూడలేదు.

ఆదివారం అభిజిత్ ఫారంతో వచ్చాడు. పుష్పరాణి వెళ్లి ముసలమ్మని బతిమాలి తీసుకొచ్చింది.

"ఈ పెట్టే కావాలి. గాని మొదటి పేరు అప్పది రాయించు" అన్నాడు గురువులు.

"రాయించీడమేనా? నన్నడిగినావేటి?" అంది ముసలమ్మ.

"అడగనేదు. తప్పయిపోయింది. ఇప్పుడడుగుతున్నాను. వస్తావా అప్పా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"వస్తాను. పొద్దున్న ఆరింటికైతే ఆ పెట్టె అడుగుతాది. ఆరున్నరకి పడితే ఎవులడుగుతారు? నువ్వు దగ్గినా నాకు గోడలోంచి ఇనపడతాది. ఆ ఆదివారం నాను ఇంటికాడే ఉన్నాను. నువ్వు అరవనేదు."

గురువులు తల వంచుకున్నాడు. పుష్పరాణి ఆయన వైపు తిరిగి కళ్లెర్రజేసింది.

"ఇంకోపాలి పడితే ఒంటి మీద గుడ్డుందా నేదా అని సూసుకోకు, పిలువు. కళ్లు మూసుకునొచ్చి ముందు తువ్వాలు పడీసి, అప్పుడే లేపుతాను."

గురువులు తలెత్తి, "పిలుస్తానప్పా" అన్నాడు.