ఆపమన్న చెయ్యి

అప్పలసూరికి ఇంగ్లీషు రాదు. అయినా ఒక ఇంగ్లీషు సినిమాల వరుసలో ఇంతవరకు వచ్చిన నాలుగు భాగాలనూ, విశాఖపట్నంలో అవి విడుదలైన మొదటి వారంలోనే చూశాడు. ఐదవది వచ్చే శుక్రవారం రాబోతున్నది. పోర్టులో ముప్పై ఆరేళ్ళు సిగ్నల్ మ్యాన్‌గా పనిచేసి రిటైరైన మనిషికి ఎక్కడో దూర గ్రహాల కథలతో ఏమి పని అని ఆశ్చర్యపడినవారు ఉన్నారు. ఆయన భార్య వరహాలమ్మ ఆశ్చర్యపడడం ఏనాడో మానేసింది.

"ఓపాలి ఆ గ్రహానికే ఎల్లి సూసొచ్చీరాదూ, పీడ వదిలిపోద్ది" అంటుంది ఆమె, కూరలు తరుగుతూ.

ఆయన చేసిన పని గురించి తెలియనివారికి కొంత చెప్పాలి. క్రేను నడిపేవాడు అరవై అడుగుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుంటాడు. కింది మాట అతనికి వినపడదు. ఓడ అడుగున ఉన్న సరుకు కనపడదు. ఓడ అంచున నిలబడిన సిగ్నల్ మ్యాన్ చేతులను చూసే అతను మీటలు కదుపుతాడు. వేలు పైకి చూపి తిప్పితే ఎత్తమని అర్థం, కిందికి చూపి తిప్పితే దించమని. అరచెయ్యి నేలవైపు పెట్టి అడ్డంగా ఊపితే ఆపమని. రెండు చేతులూ బారచాపి ఊపితే ఉన్నపళంగా ఆపమని. ఆ నాలుగు సైగల మీద ఎన్నో ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ముప్పై ఆరేళ్ళలో అప్పలసూరి చేతి కింద ఒక్క మనిషికీ దెబ్బ తగలలేదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనడు. అడిగితే మాత్రం కాదనడు.

మొదటి సినిమాను ఆయన పందొమ్మిదివందల ఎనభై నాలుగులో, పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక హాలులో, తన జతగాడు సన్యాసిరాజుతో కలిసి చూశాడు. సన్యాసిరాజు క్రేను ఆపరేటర్. ఇద్దరూ చోడవరం వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబాలవారు; ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఆ సినిమాలో వేరే గ్రహం మీద ఒక రేవు ఉంటుంది. ఓడలు ఆకాశం నుంచి దిగుతాయి. వాటిలోని సరుకును మాత్రం క్రేనులే దించుతాయి. ఒక పెద్ద పెట్టె గాలిలో ఉండగా, నీలం చొక్కా వేసుకున్న ఒక కూలీ చెయ్యెత్తుతాడు. మరుక్షణం పెట్టె కూలి పన్నెండుమంది చనిపోతారు. చూస్తున్నది సినిమా అన్న స్పృహ అప్పలసూరికి ఆ క్షణంలో లేదు. కుర్చీలోంచి లేచి నిలబడి, "ఆపమన్నాడు కదరా! ఆపీరా!" అని కేకవేశాడు.

రెండవ భాగంలో ఆ ప్రమాదం మీద విచారణ జరుగుతుంది. మాటలు తెలియవు గనుక, చివరలో న్యాయాధికారి ఆ కూలీ భుజం తట్టడం చూసి, అతన్ని విడిచిపెట్టారనుకుని అప్పలసూరి సంతోషంగా ఇంటికి వెళ్ళాడు. అయిదేళ్ళ తరువాత మూడవ భాగం తెలుగు మాటలతో వచ్చినప్పుడుగాని అసలు సంగతి తెలియలేదు. కూలీనే దోషిగా తేల్చారు. అధికారం లేకుండా వాడు ఊపిన చెయ్యి చూసి, దించమంటున్నాడనుకుని ఆపరేటర్ మోసపోయాడని తీర్పు. తండ్రి మచ్చను కూతురు మోయడమే మూడవ కథ. ఆ రోజు అప్పలసూరి ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

ఆ సైగ మీదనే ఇద్దరు స్నేహితులకూ నలభై ఏళ్ళుగా వాదం. రెండు చేతులూ బారచాపి ఆపమన్నాడని అప్పలసూరి పట్టు. ఆపమని ఉండవచ్చుగాని, అంత ఎత్తునుంచి ఆపరేటర్‌కు ఆ మూల సరిగా కనపడదని సన్యాసిరాజు పట్టు.

"నీకేటి తెలుసు, ఎప్పుడైనా ఆ గదిలో కూకున్నావేటి?"

"నీకేటి తెలుసు, ఎప్పుడైనా ఆ బరువు కింద నిలబడ్డావేటి?"

ఇద్దరి ప్రశ్నలూ న్యాయమైనవే. అందుకే వాదం తెగలేదు.

ఇది ఇద్దరు ముసలివాళ్ళ ముచ్చటగానే ముగిసిపోయేది, అప్పలసూరి మనవరాలు నిఖిత కల్పించుకోకపోతే. ఆ అమ్మాయి మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నది. తోటి ఉద్యోగులు ముప్పైమంది, ఐదవ భాగం వచ్చేలోగా పాత నాలుగింటినీ మళ్ళీ చూడాలని వరుస ఆదివారాలు పెట్టుకున్నారు. సుమంత్ అనే అబ్బాయి ఉండే అపార్టుమెంటు హాలులో, గోడంత తెర మీద. ఆ సినిమాలపై అతను రాసే వ్యాసాలను వాటి అభిమానులు దేశవిదేశాల్లో చదువుతారట. కూలీదే తప్పని వాళ్ళంతా అంటుంటే నిఖిత ఒక్కతే అడ్డుపడింది. మా తాత పోర్టులో సిగ్నల్ మ్యాన్, ఆయన చెప్పాడు, అది ఆపమనే సైగ, రెండు చేతులూ ఎత్తాడు అన్నది. ఇంగ్లీషే రాని తాతగారి సాక్ష్యమా అని కొందరు నవ్వారు. సుమంత్ నవ్వలేదు. ఆయనను తీసుకురండి, మొదటి భాగం మళ్ళీ వేసి చూద్దాం అన్నాడు.

"తాతా, నువ్వు రావాలి" అన్నది నిఖిత ఫోనులో. "రాకపోతే నా మాట పోతుంది."

"నీ మాటొక్కటే కాదే గుంటా, నా పని కూడా పోద్ది" అన్నాడు అప్పలసూరి. ఆయనకు ఆ సంగతి స్పష్టంగానే కనిపించింది. ఆ పిల్లలు నవ్వింది సినిమాను చూసి కాదు. చేతులూపడం కూడా ఒక విద్యేనా అన్నది ఆ నవ్వులోని ప్రశ్న.

ఆదివారం పొద్దున్నే, ఇస్త్రీ చొక్కాలతో, గోపాలపట్నంలో ఇద్దరు స్నేహితులూ బస్సెక్కారు.

"నాను నీకు సాచ్చికానికి రాలేదు బావా" అన్నాడు సన్యాసిరాజు. "నీ మీద సాచ్చికానికి వత్తన్నాను."

"రా. సూసింది సెప్పు. అంతే."

హాలులో నిఖిత ఇద్దరినీ ముందు వరసలో కూర్చోబెట్టింది. సినిమా మొదలైంది. నలభై నిమిషాలకు ఆ ఘట్టం వచ్చింది. నీలం చొక్కా మనిషి చెయ్యెత్తగానే సుమంత్ బొమ్మను ఆపాడు.

ఒకే చెయ్యి. ఎడమచేత్తో అతను ఇనుప ఊచను పట్టుకుని ఉన్నాడు.

అప్పలసూరి కళ్ళద్దాలు తుడుచుకుని తెర దగ్గరికి వెళ్ళి చూశాడు. దగ్గరికి వెళ్ళినా అది ఒకే చెయ్యి.

"తాతగారూ, మీరు రెండు చేతులన్నారటండీ" అన్నాడు సుమంత్, మర్యాదగానే.

నిఖిత తల వంచుకున్నది. ఆ కూలీ అంతకు ముందే రెండో చెయ్యి ఎత్తి దించేశాడని చెప్పడం కష్టమేమీ కాదు. కొంతసేపైనా వాదం నిలిచేది. కాని అప్పలసూరి నేర్చుకున్న పని అటువంటిది కాదు. సందేహంతో ఊపే చెయ్యికంటే ఊపని చెయ్యి మేలని పోర్టులో మొదటి రోజే నేర్పారు.

"అన్నాను బాబూ. తప్పు సెప్పాను. ఒక్కటే సెయ్యి."

వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. సన్యాసిరాజు వారివైపు తిరిగాడు.

"రెండు సేతులూ ఎత్తింది ఈడేనండి బాబూ, ఆడు కాదు. ఆ రోజు హాల్లో లెగిసిపోయి, ఇదిగో, ఇలాగ బారసాపీసేడు. ఎనకాలోలు కూకోరా కూకో అని ఒకటే అరుపులు. నాను సొక్కా పట్టుకొని లాగితే గుండీ ఊడి నా సేతికొచ్చింది."

ఈసారి అందరూ నవ్వారు. అప్పలసూరి కూడా నవ్వాడు. నలభై ఏళ్ళుగా తన చేతులనే ఆ మనిషి భుజాలకు తగిలించి చూస్తున్నానని ఆయనకు అప్పుడే తెలిసింది. బరువు కింద మనుషులుంటే తానైతే రెండూ ఊపేవాడు.

"సరే" అన్నాడు, నవ్వు ఆపి. "ఆ ఒక్క సెయ్యే ఏటి సెప్తందో సూద్దాం. మెల్లిగా కదిలించు బాబూ."

చెయ్యి మెల్లగా కదిలింది. అరచెయ్యి నేలవైపు, అడ్డంగా రెండు ఊపులు.

"దించమంటే ఏలు కిందికి సూపాల. ఏలేదీ? సెయ్యి బల్లలాగుంది. ఇది ఆపమనడం."

"అది మన పోర్టు సైగ కదండీ. వాళ్ళది వేరే గ్రహం" అన్నాడు సుమంత్.

అప్పలసూరి ఆలోచించాడు. అడగదగిన ప్రశ్నే.

"బాగా అడిగావు. రష్యా ఓడలొచ్చేవి, గ్రీకు ఓడలొచ్చేవి. ఆల మాట నాకు రాదు, నా మాట ఆలకి రాదు. సెయ్యూపితే ఆగీవోరు. అది నీకు సాలదనుకో. ఈ సినిమాలోనే మొదట్ల పసుపు జాకెట్టోడు ఒకడు సరుకు దించేడు కదా? ఈ రేవుకి సిగ్నల్ మ్యాన్ ఆడే. అది పెట్టు. ఆడి సేతులు సూద్దాం."

సుమంత్ వెనక్కి తిప్పాడు. పసుపు జాకెట్టు మనిషి వేలు కిందికి చూపి తిప్పుతున్నాడు, పెట్టె దిగుతున్నది. తరువాత అరచెయ్యి నేలవైపు పెట్టి అడ్డంగా ఊపాడు, పెట్టె ఆగింది. ఎన్నో ఏళ్ళుగా ఈ సినిమాలను చూస్తున్న ఆ ముప్పైమందిలో ఒక్కరూ ఆ చేతులను అంతవరకు గమనించలేదు.

"సైగ ఒప్పుకుంటాను బావా" అన్నాడు సన్యాసిరాజు. "మరి పైనోడికి కనపడాల కదా?"

సుమంత్ బొమ్మను ముందుకు నడిపాడు. క్రేను గది. ఆపరేటర్ ముఖం. అతని చూపు కిందికి, నీలం చొక్కావైపు వెళ్ళింది. ముందున్న అద్దంలో ఆ చెయ్యి చిన్నగా కనిపించింది. అతను తల తిప్పి పసుపు జాకెట్టు కోసం చూశాడు. ఆ మనిషి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆపరేటర్ చెయ్యి మీట మీదనే ఉన్నది. మీటను దించేవైపుకే నెట్టింది.

సన్యాసిరాజు మూడుసార్లు వేయించుకుని చూశాడు.

"సూసీసేడు" అన్నాడు చివరికి. "ఎదవ, సూసే దించేడు."

శ్రీవల్లి అనే అమ్మాయి లేచి అడిగింది. "కానీ అతను చేసింది కరెక్టే కదండీ? సిగ్నల్ ఇవ్వాల్సింది పసుపు జాకెట్ ఆయన. నీలం చొక్కాకి ఆ అధికారం లేదు. రెండో పార్ట్‌లో జడ్జిమెంట్ కూడా అదే."

అప్పలసూరి నోరు తెరవబోయాడు. సన్యాసిరాజు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఇది నన్ను సెప్పనీ. ఆ గదిలో కూకున్నోణ్ణి నాను." అమ్మాయివైపు తిరిగాడు. "ఎత్తమనడానికీ దించమనడానికీ ఒక్కడేనమ్మా. ఆపమనడానికి అందరూ. మాకదే పెద్ద రూలు. ఓడ నిలిపే బెర్తు కాడ చిలకమ్మని టీ అమ్మే ఆవిడుండేది. ఓపాలి నాను బరువెత్తుతన్నాను. కింద ఈ బావే, ఎత్తు ఎత్తు అని ఏలు తిప్పుతన్నాడు. ఆవిడ ఒక సేత్తో కెటిలట్టుకొని రెండో సెయ్యి ఇలాగ ఊపింది. ఆపీసేను. దిగి సూత్తే, ఓడోల ఇనప తాడు అటుపక్క సగం తెగిపోయుంది. ఈడికి కనపడదు, నాకు కనపడదు. ఆవిడకి కనపడింది."

"ఆవిడకి సైగలు ఎవరు నేర్పారండీ?"

"ఎవరూ నేర్పలేదు. రోజూ ఈడి సేతులు సూసి నేర్సుకుంది."

"మరి మీకు కోపం రాలేదా తాతగారూ? మీరు ఎత్తమంటే ఆయన ఆవిడ మాట విన్నారు" అన్నది శ్రీవల్లి.

"కోపమేటమ్మా" అన్నాడు అప్పలసూరి. "ఆడు నా మాటే విని ఉంటే, కింద ఆరుగురున్నారు. ఆల ఇల్లకెల్లి ఏటి సెప్పీవోణ్ణి?"

సన్యాసిరాజు తెరవైపు చూపించాడు. "నానైతే ఈ నీలం సొక్కావోడికి ఆపీవోణ్ణి. ఎవుడని అడగను. ఆపీసి అడుగుతాను. నలభై ఏల్లు ఈ ఆపరేటర్ని ఎనకేసుకొచ్చాను గదా, ఈ రోజుతో సరి. బావా, నువ్వే గెలిసావు."

"నానేటి గెలిసేది? సేతులు తప్పు సెప్పాను."

"నాను కళ్ళు తప్పు సెప్పాను. సెల్లుకి సెల్లు."

సుమంత్ లాప్‌టాప్ తెరిచాడు. తరువాత, ఈ ఘట్టం మీద తాను ఇదివరకు రాసిన వ్యాసం తప్పని అందరి ఎదుటా ఒప్పుకున్నాడు. దర్శకుడు కావాలనే అలా తీశాడో లేదో తాను చెప్పలేనని, కాని తెర మీద ఉన్నదాన్ని బట్టి కూలీ దోషి కాడని, రేవు నియమం తెలియకపోవడం వల్లనే అందరూ పొరబడ్డారని అన్నాడు. కొత్త భాగం వచ్చేలోగా మరొక వ్యాసం రాస్తానన్నాడు.

"మీ పేరు, హోదా ఎలా వేయమంటారండీ? పోర్టు నిపుణులు అని వేయనా?"

"సిగ్నల్ మ్యాన్ అని వెయ్యి" అన్నది నిఖిత, తాత కంటే ముందు. "ముప్పై ఆరేళ్ళ సర్వీసు. అది కూడా వెయ్యి."

సుమంత్ అక్కడే మొదలుపెట్టి రాసినంతవరకు ఆమె తెలుగులో చదివి వినిపించింది. రేవు నియమం, పసుపు జాకెట్టు సైగలు, అద్దంలో కనపడిన చెయ్యి, చిలకమ్మ, అన్నీ వరుసగా ఉన్నాయి. అప్పలసూరి కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఒకటి వదిలీసేరు" అన్నాడు.

"ఏంటి తాతా?"

"రెండు సేతులని నాను తప్పు సెప్పానని రాయలేదు."

"అది అవసరం లేదండీ" అన్నాడు సుమంత్. "మీ మాటకి బలం తగ్గుతుంది."

"తగ్గదు బాబూ. రేపెవడో సూసి, ఈ ముసలాయన రెండు సేతులన్నాడు, ఇక్కడొకటే ఉందేటి అంటాడు. ఆడు అనేలోపు మనమే సెప్పాల. పైన రాయి. మొదట అదే ఉండాల."

సుమంత్ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, మారుమాట లేకుండా వ్యాసం మొదటికి వెళ్ళి రాశాడు. నిఖిత వంగి ఆ వాక్యాన్ని గట్టిగా, హాలులో అందరికీ వినపడేలా చదివింది. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. అప్పలసూరి సరేనన్నట్టు తల ఊపి, మిగిలిన సినిమా వేయమన్నాడు.