మట్టి జ్వరంతో నేనాడిన బేరం

ఆ రోజు మల్లేశ్ చెప్పిన మొదటి ధరకే ఒప్పుకున్నాను. నా ఒంట్లో ఏదో తేడా చేసిందని అందరికన్నా ముందు కనిపెట్టింది కూడా మల్లేశే.

ఏ.ఎస్. రావు నగర్‌లో మాకు చిన్న దుకాణం ఉంది. పూల కుండీలు, మొక్కలు, ఎర్రమట్టి, ఎరువు అమ్ముతాం. నేను పెరిగింది మాత్రం సికింద్రాబాద్ మార్కెట్లో, మా అబ్బా, అంటే నాన్న, నడిపిన ఉల్లిగడ్డల దుకాణంలో. ఎదుటివాడు ఏది చెప్పినా అందులో సగం మనం తగ్గించడానికే పెట్టి ఉంటాడని అక్కడే నేర్చుకున్నాను. మట్టి లారీ వస్తే నాదో పద్ధతి. చెప్పులు విడిచి కుప్ప ఎక్కుతాను. చేతులు మోచేతుల దాకా దూర్చి అడుగు మట్టి పైకి తీసి, నలిపి, వాసన చూసి, ఎవరో పోయిన కబురు విన్నట్టు తల అడ్డంగా ఊపుతాను. మట్టి ఎంత బాగుంటే అంత దుఃఖంగా ఊపాలి.

రెండేళ్ల కిందటి వానాకాలం అది. మట్టి వాసన చూశాను. తల ఊపే ఓపిక లేక, "సరే, దించు" అన్నాను.

మట్టి తోలే మల్లేశ్ లారీ దిగి నా ముఖంలోకి చూశాడు.

"ఏందక్కా, తబియత్ మంచిగ లేదా? నేనింకా లొల్లి షురూనే చెయ్యలే."

"జెర తల తిరుగుతున్నది. దించు."

"నాకు భయమైతున్నదక్కా. పోనీ, నేనే తగ్గిస్తా తీయ్."

సాయంత్రానికి చలి, వణుకు, జ్వరం. మా వీధి క్లినిక్‌లో 'వైరల్ ఫీవర్' అని అయిదు రోజులకు మాత్రలిచ్చారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో కుడి లంగ్‌లో ప్యాచ్ కనిపించింది. "టీబీ అయ్యుండచ్చు" అన్నారు. కఫం టెస్ట్ చేస్తే నెగటివ్. మూడు వారాలు ఇలాగే గడిచాయి. నా గాజులు చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతున్నాయి. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది నాకు. బిర్యానీ తిన్న రోజు మాత్ర వేసుకుని తినని రోజు మానేసేదాన్ని. అదీ నా బేరమే.

మా ఆయన యాకూబ్ నన్ను ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన గురించి ఇక్కడ చెప్పాలి. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. టమాటాలకు పంపితే బండివాడు చెప్పిన ధర ఇచ్చి, పైగా వాడికి షుక్రియా చెప్పి వస్తారు. ఆ సంగతి చెప్పి ముప్పయ్యేళ్లుగా చుట్టాలందరినీ నవ్విస్తున్నాను.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. రిపోర్టులన్నీ చూసి అడిగారు.

"మీరేం పని చేస్తారండీ?"

"దుకాణం మేడం. కుండీలు, మట్టి."

రాస్తున్న పెన్ను ఆగింది. "మట్టిని ఉత్త చేతుల్తో ముట్టుకుంటారా?"

"ముట్టుకునుడు కాదు మేడం" అన్నారు మా ఆయన, "అండ్ల మునుగుతది."

సి.టి. స్కాన్‌లో లంగ్‌లో ప్యాచే కాక, స్ప్లీన్‌లో చిన్న చిన్న చీముగడ్డలు కనిపించాయి. బ్లడ్ కల్చర్‌కు పంపారు. నాలుగో రోజు డాక్టరమ్మ నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "టీబీ కాదండీ. మెలియాయిడోసిస్ అంటారు. మట్టిలో, నీళ్లలో ఉండే బాక్టీరియా."

"ఎవరి మట్టిల నుంచి వచ్చింది మేడం?" నేను తయారుగా ఉన్నాను. మల్లేశ్ కావచ్చు, ఎరువు సంచుల వాడు కావచ్చు, మురికినీళ్లు రోడ్డు మీదికి వదిలే మున్సిపాలిటీ కావచ్చు, ఎవరో ఒకరి కాలర్ పట్టుకోవాలి.

"ఎవరూ తెచ్చింది కాదండీ. మనిషి పుట్టకముందు నుంచీ అది మట్టిలో దాని బతుకు అది బతుకుతోంది. వానలకి పైకొస్తుంది. చాలామందిని ఏమీ చెయ్యదు. షుగర్ అదుపులో లేనివాళ్లు దొరికితే వదలదు."

ఆ మాట నన్ను జ్వరం కన్నా ఎక్కువ బాధపెట్టింది. సరుకు చెడిపోతే తెచ్చినవాడి ముందు పడేసి అరవచ్చు. దీన్ని ఎవరి ముందు పడేయాలి? వాపస్ ఇచ్చే దారి లేనప్పుడు మిగిలింది ఒక్కటే, నెగ్గడం.

"బతుకుతనా మేడం?"

"మందు మధ్యలో వదలకపోతే బతుకుతారు. వదిలితే తిరగబెడుతుంది. అప్పుడు మాటివ్వలేను."

మెరోపెనెమ్ ఇంజెక్షన్లు, రోజుకు మూడు చొప్పున నాలుగు వారాలు. ఆ తర్వాత మూడు నెలలు టాబ్లెట్స్.

"రెండు వారాలు చెయ్యండి మేడం."

"నాలుగు."

"మూడు. మీ మాట వద్దు, నా మాట వద్దు."

నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

తొమ్మిదో రోజున జ్వరం దిగింది. నాలుగు వారాలూ పూర్తి చేసుకుని ఇంటికొచ్చాను. టాబ్లెట్స్ షురూ అయ్యాయి. వేసుకుంటే కడుపులో తిప్పేది, అన్నం సహించేది కాదు. అయినా నెలన్నర వేసుకున్నాను. దగ్గు లేదు, జ్వరం లేదు, గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలబడ్డాయి. నా లోపలి మార్కెట్ మనిషి లేచి కూర్చుంది. మూడు నెలలని చెప్పారంటే అసలు కావలసింది నెలన్నరే అయ్యుంటుంది! "డాక్టరమ్మ ఫోన్ల చాలన్నది" అని మా ఆయనతో చెప్పాను. ఆయన నమ్మారు. టమాటాల బండివాణ్ణి నమ్మే మనిషి, నన్ను నమ్మరా?

మూడు వారాలు తిరగకుండానే కుడి మోకాలు వాచింది. నమాజుకు కూర్చోబోతే మడత పడలేదు. మళ్లీ అదే వణుకు.

"టాబ్లెట్స్ పూర్తిగా వాడారా?" అన్నారు డాక్టరమ్మ.

"వాడిన మేడం."

మా ఆయన సంచిలోంచి స్ట్రిప్పుల కట్ట తీసి టేబుల్ మీద పెట్టారు. దుకాణంలో అమ్ముడుపోని పెద్ద కుండీలో నేను దాచినవి. ఆసుపత్రికి బయల్దేరే ముందు పాత మందుల చీటీ కోసం దుకాణమంతా వెతుకుతుంటే ఆయనకు దొరికాయట.

"నాకు సుత అబద్ధమే చెప్పింది మేడం" అన్నారు. "నేను నమ్మిన."

"ఎందుకు ఆపారు?"

"అందరూ జెర పెంచే చెప్తరు గద మేడం..."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "నూర్జహాన్ గారూ, మూడు నెలలనేది మినిమమ్. నేను తగ్గించే చెప్పానండీ."

పుట్టి బుద్ధెరిగాక అసలు ధర ముందే చెప్పిన మనిషిని అప్పుడే చూశాను. ఆ ధరలోంచి సగం కోసుకున్నాను.

ఆపరేషన్ థియేటర్‌లో మోకాలు తెరిచి చీము కడిగారు. కల్చర్‌లో అదే బాక్టీరియా. బీపీ పడిపోయి రెండు రోజులు ఐసీయూలో ఉన్నాను. మా ఆయన అద్దం అవతల నిలబడి నా వైపే చూస్తుండేవారు. బయటికొస్తే ఈ మనిషితో మళ్లీ అబద్ధం ఆడకూడదని అక్కడ అనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి ఇంజెక్షన్లు, నాలుగు వారాలు. ఈసారి టాబ్లెట్స్ ఆరు నెలలు. బేరం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇంటికి రాగానే స్ట్రిప్పులు మా ఆయన చొక్కా జేబులోకి వెళ్లాయి. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఎనిమిది, వర్క్‌షాప్ షిఫ్టు లాగా. నేను మింగేదాకా గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేవారు.

"ఇయ్యాల కడుపుల తిప్పుతున్నది. సగం ఏసుకుంట."

"డాక్టరమ్మ సగం చెప్పలే."

"రేపు కలిపి ఏసుకుంట, సరేనా?"

"రేపటిది రేపు. నోరు తెరువు."

"మీరు టమాటాలోనితో గిట్ల మాట్లాడితే ఎంత బాగుండు!"

"మాటలు బంద్. మింగు."

వాంతులు ఎక్కువైన వారం టాబ్లెట్స్ మాన్పించలేదు. నన్నే తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. వాంతులకు అన్నానికి ముందు వేసుకునే వేరే మాత్ర ఆవిడ రాసిచ్చారు. అంత చిన్న సంగతి మొదటిసారే అడిగి ఉంటే నా మోకాలు మిగిలేది. చెప్పిన తేదీకల్లా మా ఆయన, మందు కిడ్నీల మీద పడిందేమో చూసే క్రియాటినిన్, పొటాషియం టెస్టులు చేయించారు. ఆరు నెలల్లో ఒక్క పూట తప్పలేదు.

టాబ్లెట్స్ అయిపోయి ఏడాది దాటింది. షుగర్ అదుపులో ఉంది. మోకాలు పూర్తిగా మడవదు, కుర్చీలో కూర్చునే నమాజు చేసుకుంటాను. మట్టి లారీ వస్తే మోకాళ్ల దాకా బూట్లు, మోచేతుల దాకా గ్లవ్స్. వాసన చూడటం మానేశాను. "ముక్కు పెట్టకుండ ధరెట్ల తగ్గిస్తవక్కా?" అంటాడు మల్లేశ్. దూరం నుంచి చూసి తల ఊపుతాను. అదీ పనిచేస్తోంది.

నాలాంటి జబ్బుతో పోరాడుతున్నవాళ్లకు ఒక్క మాట. బేరం చేతకాని మనిషి మీ ఇంట్లోనూ ఒకరుంటారు. మీరు ఇన్నాళ్లూ నవ్వింది వాళ్లను చూసే. మందు ఎన్నాళ్లో డాక్టర్ చెప్పిన రోజే ఆ స్ట్రిప్పులు తీసి వాళ్ల చేతిలో పెట్టండి.

నిన్న మా ఆయన టమాటాలు తెచ్చారు. ఎంతకు తెచ్చారని నేను అడగలేదు.