ఐదంటే తోక

"ఐదు వేయించానయ్యా, ఐదు! అందరికంటే పెద్ద అంకె మాది! అయినా నా కౌంటర్లన్నీ కొయ్యబారిపోయాయంటే తప్పెవరిది?"

"అరవకండి సార్. మీరు ఐదన్నారు, నేను ఐదు కొట్టాను. మధ్యలో నన్నంటారేం?"

వరసక్క తలుపు తోసేసరికి మెషీన్ గదిలో ఇదీ గోల. అరుస్తున్నది రైలు టికెట్ల విభాగం పెద్ద. ఎదురు చెబుతున్నది, నిన్న ఆమె సెలవులో ఉంటే డ్యూటీ చేసిన ఆపరేటర్. టైము తొమ్మిదీ నలభై. పదింటికి సెలవుల రైళ్ళ బుకింగ్ తెరవాలి. కింద జనం అప్పుడే మెట్లదాకా నిలబడ్డారు.

మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ ఒక్కటే, దానిమీద పడే పనులు బోలెడు: టికెట్లు, సరుకు రైళ్ళు, నెల నివేదికలు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని అంకెలు వేసి పట్టిక రాసేది వరసక్కే. టేపులు మోసే పనిలో చేరి, ఎవరూ తెరవని మాన్యువల్ నమిలి మింగి ఆ కుర్చీ సంపాదించింది. ఇంట్లో బాత్రూం దగ్గర కూడా ఆవిడ చెప్పిందే వరస. అందుకే ఆ పేరు. ఇంకోసారి కౌంటర్లు ఆగితే పట్టిక బయటి కంపెనీ చేతికిస్తామని పైవాళ్ళు చెప్పి వారం కాలేదు.

పట్టిక తెరిచింది. నవ్వాపుకోలేకపోయింది.

"సార్, ఇక్కడ ఒకటంటే ముందు. ఐదంటే తోక. మీరు పట్టుబట్టి మరీ తోక పట్టుకున్నారు."

పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. "మార్కుల్లాంటివనుకున్నానమ్మా! ఇదేం వరస!"

"అందరికీ ఒకటో అంకే వేసెయ్యక్కా, పీడా పోతుంది," అన్నాడు ఆపరేటర్.

"అందరూ అందలమెక్కితే మోసేదెవరయ్యా?"

వేళ్ళు పరిగెత్తాయి. టికెట్లకు ఒకటి: నూటికి తొంభై టికెట్ల పని అర సెకనులో పూర్తవ్వాలి. సరుకు రైళ్ళకు మూడు. దర్జాగా ముందు నడుస్తున్న నివేదికలు ఐదుకు. మెషీన్ ఆపనక్కర్లేదు, కొత్త పట్టిక అమలుచేసే కమాండ్ ఒక్కటి చాలు. కొట్టింది. ముగ్గురూ ఫోన్ వైపు చూశారు.

ఫోన్ మోగింది. మొదటి కౌంటర్. "కదిలిందండీ! కదిలింది!"

ఇంకో ఫోను, ఇంకోటి. తొమ్మిదీ యాభై రెండు! పెద్దాయన కుర్రాడిలా గాల్లోకి పిడికిలి విసిరాడు. ఆపరేటర్ ఈల వేశాడు. పదింటికి గేట్లు తెరిచారు, జనం విరుచుకుపడ్డారు, ఒక్క తెరా ఆగలేదు.

"తప్పు నాదేనని పైకి నేనే రాస్తానమ్మా. పట్టిక నీ దగ్గరే ఉంటుంది. ఇంకేం చెయ్యమంటావో చెప్పు," అన్నాడు పెద్దాయన.

"ఒక్కటే సార్. ఇకమీదట నా దగ్గరికి అంకె పట్టుకురాకండి. కౌంటర్ ముందు మనిషి విసుక్కోకుండా ఎన్ని సెకన్లు నిలబడగలడో చూసొచ్చి చెప్పండి. అంకె నేను వేసుకుంటాను."